68 సి10 తొట్టి అడుగు చీకిపోయింది: మళ్ళీ చెక్కేనా, రేకు కొట్టించేయాలా?

కొత్తబండి68
పోయిన నెలలో 1968 షెవర్లే సి10 పికప్ ట్రక్కు కొన్నాను. పొట్టి తొట్టి, ఫ్లీట్‌సైడ్, అంటే పక్కలు ఉబ్బకుండా నున్నగా ఉండే రకం. డాలస్‌కి గంటన్నర దూరంలో ఒక పెద్దాయన పశువుల కొట్టంలో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంది. ఇంజిన్ బాగానే తిరుగుతోంది, బ్రేకులు చేయించాను. గొడవంతా తొట్టి దగ్గరే. పైన నల్ల రబ్బరు మ్యాట్, దాని కింద స్క్రూలు కొట్టిన ప్లైవుడ్. శనివారం ఆ ప్లైవుడ్ లేపితే అసలు పలకలు బయటపడ్డాయి. మొత్తం ఎనిమిది, పలకకీ పలకకీ మధ్య ఒక ఇనుప పట్టీ. వెనక సగం ఫరవాలేదు. క్యాబిన్ పక్కన మాత్రం స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. టీలో ముంచిన రస్కులా ఉంది.

బాడీ షాపు మనిషి "చెక్క పీకి పారేసి స్టీల్ ఫ్లోర్ వేసేద్దాం, ఇక జన్మలో దాని వైపు చూడక్కర్లేదు" అంటున్నాడు. నెట్‌లో చూస్తేనేమో అందరూ అద్దంలా మెరిసే ఓక్ పలకల ఫోటోలు పెడుతున్నారు. అవి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, వాటి రేటు చూస్తే ఇంకా తిరుగుతున్నాయి. నేను షోలకి తీసుకెళ్ళే రకం కాదు. ఆదివారం మల్చ్ బస్తాలు, మా ఆవిడ పూలకుండీలు, వినాయక చవితికి గుడికి సామాను, అంతే. చెక్కా? స్టీలా? వాడినవాళ్ళు చెప్పండి.

గోంగూరకట్ట
తొట్టి అంటే నీళ్ళ తొట్టి అనుకుని వచ్చాను. సగం చదివాక బండి అని తెలిసింది. అయినా మీ దాంట్లో నీళ్ళు నిలవబట్టే కదా చీకింది, నేను మరీ అంత తప్పేం అనుకోలేదు.

ఉప్పురోడ్డు
జన్మలో చూడక్కర్లేదన్నాడా? ఆ షాపతన్ని ఒక్క చలికాలం మా ఒహాయో పంపించండి.

నాది 1971 సి10, స్టీల్ నేలది. ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పే. నాలుగేళ్ళ క్రితం తొట్టిలో పెయింట్ కింద రూపాయి బిళ్ళంత బొబ్బలు మూడు కనిపించాయి. వేలితో నొక్కితే అప్పడంలా కరకరలాడింది. రేకు కింద అడ్డంగా దూలాలు వెల్డ్ చేసి ఉంటాయి చూడండి, రేకుకీ దూలానికీ మధ్య సందులో బురద, ఉప్పు ఇరుక్కుంటాయి. ఎంత కడిగినా నీళ్ళు అక్కడికి చేరవు, చేరినవి బయటికి రావు. లోపల్నుంచి తినుకుంటూ పైకొస్తుంది. పైన మూడు బొబ్బలు కనిపించే సరికి కింద గరిటెడు తుప్పు తప్ప ఏమీ మిగల్లేదు.

చెక్కకి అయితే కుళ్ళిన పలక ఒక్కటి విప్పి ఇంకోటి వేస్తాం. నాకేమో గ్రైండర్, వెల్డర్, పది రోజులు, ఒక చొక్కాకి చిల్లులు.

వెల్డింగ్‌బాబు
ఉప్పురోడ్డు గారి బాధ ఉప్పు బాధ, స్టీల్ బాధ కాదు. కొత్తబండి గారు ఉండేది టెక్సాస్‌లో. అక్కడ స్టీల్‌కి ఏమవుతుంది?

నేను ఫీనిక్స్‌లో ఉంటాను. నా 1970 ఫోర్డ్ స్టైల్‌సైడ్ (ఫోర్డ్ వాళ్ళ నున్న పక్కల రకం) తొట్టి రేకు యాభై ఏళ్ళు దాటినా గట్టిగానే ఉంది. కంకర పోయించుకుంటాను, పారతో గీకి దించుతాను. పార జర్రున జారుతుంది. మీ చెక్క నేల మీద అదే పని చేయండి, ప్రతి పట్టీ మీదా వరసగా బోల్టు తలలు. పార మొన వెళ్ళి ప్రతి తలకీ కొట్టుకుంటుంది, మోచేతిలోకి ఝుమ్మని షాక్ వస్తుంది. పని బండికి స్టీలే. పైన స్ప్రే లైనర్, అంటే రేకుకి అతుక్కునే మందపాటి పూత, కొట్టించండి, మర్చిపోండి.

పాతబండ్లపంతులు
రెండు పక్షాలవాళ్ళూ అసలు కంపెనీ ఏం చేసిందో చెప్పకుండా కొట్టుకుంటున్నారు.

1967 నుంచి 72 దాకా వచ్చిన సి10 ఫ్లీట్‌సైడ్‌కి చెక్క నేలా వచ్చేది, స్టీల్ నేలా వచ్చేది. కొనేవాడి ఇష్టం. స్టెప్‌సైడ్‌కి, అంటే చక్రాల మీద ఫెండర్లు బయటికి ఉబ్బి ఉండేదానికి, చెక్కే. అంతకుముందు 1947-55 మధ్య బండ్లకి కూడా చెక్కే. ఫోర్డ్ వాళ్ళు 1957లో స్టైల్‌సైడ్ తెచ్చి స్టీల్ వైపు వెళ్ళారు, పాత పద్ధతి ఫ్లేర్‌సైడ్‌లో చెక్క ఉంచారు.

ఎందుకు చెక్క అంటే, అది అందం కోసం పెట్టింది కాదు. ఆ వెడల్పున ఒకే రేకుని గాడులతో సహా అచ్చు కొట్టాలంటే పెద్ద ప్రెస్సులు, పెద్ద డైలు, పెద్ద డబ్బు. పలకలైతే కోసి, బోల్టు బిగిస్తే అయిపోయె. పైగా రైతు తన కొట్టంలో ఉన్న చెక్కతోనే మార్చుకోగలడు. ఇనుప గుండు పడితే రేకు సొట్టపోతుంది, చెక్క కొంచెం నలిగి ఊరుకుంటుంది.

ఇంకోటి. ఈ మెరిసే ఓక్ ఫోటోలు నమ్మకండి. షెవర్లే ఫ్యాక్టరీలో వేసింది మామూలు పసుపు పైన్, దాని మీద పెయింట్. వార్నిష్ మెరుపు తర్వాత రీస్టోర్ చేసేవాళ్ళ సరదా. మీ బండి ఆ రోజు షోరూములో ఉన్నట్టు కావాలంటే ఓక్ కొనక్కర్లేదు.

కొత్తబండి68
పంతులు గారూ, ఈ ముక్క మీరు ముందే చెప్పి ఉంటే వారం నిద్ర మిగిలేది. నా పలకల మీద కూడా గీకితే నల్ల పెయింట్ పొరే వస్తోంది. ఎవరో తర్వాత పూశారనుకున్నాను.

క్రోమ్‌కుమార్
పైన్ వేసి నల్ల రంగు పూసి దాచుకోవడానికేనా పాత బండి కొనేది? నాది 1955 షెవీ. వాల్‌నట్ పలకలు, స్టెయిన్‌లెస్ పట్టీలు, పైన తొమ్మిది పొరల క్లియర్ వార్నిష్. ఆదివారం కార్ మీట్‌లో అందరూ మొదట తొట్టిలోకే తొంగి చూస్తారు.

వెల్డింగ్‌బాబు
అందులో ఎప్పుడైనా ఏమైనా మోశారా కుమార్ గారూ?

క్రోమ్‌కుమార్
మడత కుర్చీలు. కింద దుప్పటి పరిచి.

గోంగూరకట్ట
ఇల్లు కట్టి బాల్కనీలో పడుకునే రకం.

రంపంరాణి
నవ్వులు అయ్యాక ఒక ప్రశ్న. కొత్తబండి గారూ, వెనక సగం బాగుండి ముందే కుళ్ళిందన్నారు. కొట్టంలో బండి ఎలా నిలబెట్టి ఉంది? ముక్కు పల్లానికా?

నేను చెక్కపని చేస్తాను, నార్త్ కరొలైనాలో. మా ఇంట్లో రెండు ట్రక్కుల నేలలు నేనే వేశాను. చెక్క నేలలో పలకల మధ్య సందులుంటాయి, వాన పడితే నీళ్ళు వాటిలోంచి కిందికి పోతాయి, గాలికి ఆరుతుంది. తడిసి ఆరితే చెక్కకి ఏమీ కాదు. తడిసి ఆరకపోతేనే చావు. మీ తొట్టిలో పైన రబ్బరు, కింద ప్లైవుడ్. చెక్క నోరు మూసి నీళ్ళు పోసినట్టే. దాన్ని కాపాడదామని ఎవరో వేసిన ప్లైవుడ్డే దాన్ని తినేసింది.

కొత్తబండి68
అక్కా, మీరేమైనా డిటెక్టివా? అవును, కొట్టం నేల ముందుకి వాలి ఉంది, ముక్కు కిందికే. పెద్దాయన కూడా పైకప్పు రేకు ఒకచోట కారుతుందని చెప్పాడు, కానీ బండి మీద పడదన్నాడు.

రంపంరాణి
పడింది.

ఆటోనగర్‌పిల్లోడు
ఈ గొడవ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది విజయవాడ. ఆటోనగర్‌లో మా నాన్నకి లారీ బాడీ షెడ్డు ఉండేది. కంపెనీ నుంచి ఛాసీ ఒట్టిగా వచ్చేది, తొట్టి కట్టడం మన పని. వడ్రంగి మేస్త్రీ ఒక పక్క, వెల్డింగ్ మేస్త్రీ ఒక పక్క. ఇద్దరికీ రోజూ ఇదే వాదన, చెక్కా రేకా అని. మధ్యాహ్నం ఒకే క్యారేజీ విప్పుకుని తినేవాళ్ళు, మళ్ళీ మొదలు.

నాన్న మాత్రం వచ్చినవాణ్ణి ఒకటే అడిగేవాడు: ఏం తోలతావు? ఇసుక, కంకర అంటే మాట్లాడకుండా రేకు. మిర్చి బస్తాలు, పత్తి, ధాన్యం అంటే చెక్క. గుంటూరు యార్డులో మే నెల మిట్టమధ్యాహ్నం హమాలీలు ఉత్త కాళ్ళతో ఎక్కుతారు తొట్టిలోకి. రేకు నేల మీద అడుగు వేయలేరు. గోనె సంచి కూడా రేకు మీద జారుతుంది, చెక్క మీద కరుచుకుని కూర్చుంటుంది. ఇనుప చువ్వలు తోలేవాళ్ళకి మాత్రం చెక్క పరిచి దాని మీద రేకు కొట్టేవాడు. బరువు చెక్క మోస్తుంది, గీతలు రేకు తింటుంది అనేవాడు.

ఇక్కడ న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి ఆఫీసుకి పోతూ పక్కన 53 అడుగుల ట్రైలర్లు చూస్తుంటాను. వాటి నేల కూడా చాలా వరకు ఓక్ చెక్కే, ముక్కలు అతికించి చేసినది. సరుకు కదలకుండా దాంట్లోకి మేకులు కొడతారు. ఓడల్లో వచ్చే కంటైనర్ల అడుగు 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. చెక్క పాతకాలం అనేవాళ్ళు ఒకసారి కంటైనర్‌లోకి తొంగి చూడాలి.

పాతబండ్లపంతులు
పిల్లోడు గారూ, మీ నాన్నగారి చెక్క మీద రేకు పద్ధతి ఫోర్డ్ వాళ్ళు కూడా చేశారు. 1948 నుంచి 50 దాకా వచ్చిన ఎఫ్-1 పికప్‌కి పైన స్టీల్ నేల, దాని కింద గట్టి చెక్క పలకలు. రేకు సొట్టపోకుండా చెక్క ఆనుడు. 1951లో మళ్ళీ పైన కనిపించే చెక్కకి వచ్చేశారు.

ఉప్పురోడ్డు
ఆ రెండింటి మధ్య తడి చేరితే? అప్పుడు రేకూ పోతుంది, చెక్కా పోతుంది. మా ఊళ్ళో అలాంటి ఎఫ్-1 ఒకటి చూశాను. పైన రేకు జల్లెడ, కింద చెక్క పేడ. క్షమించాలి, నాకు అన్నీ ఉప్పు కళ్ళతోనే కనిపిస్తాయి.

ఆటోనగర్‌పిల్లోడు
నిజమే. మన లారీలు పదేళ్ళకోసారి బాడీ విప్పి మళ్ళీ కట్టుకునేవి కాబట్టి చెల్లింది.

కొత్తబండి68
సరే, మనసు చెక్క వైపే మొగ్గుతోంది. కానీ స్టీల్ చవకగా అయిపోతే అదీ ఆలోచిస్తాను. రేకు ఒకటి కొని ఉన్న దూలాల మీద పరిచి బిగించేస్తే కాదా?

వెల్డింగ్‌బాబు
నేను స్టీల్ పార్టీవాణ్ణే, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కాదు. స్టీల్ నేల బండికి అడ్డ దూలాలు నేలకే వెల్డ్ అయి వస్తాయి. మీ బండివి విడిగా బోల్టు బిగించే రకం, ఆకారమే వేరు. చెక్క మందం ముప్పావు అంగుళం ఉంటుంది, రేకు మందం ఆ పక్కన లెక్కలోకి రాదు. ఎత్తు తేడా వచ్చి పక్క గోడల బోల్టు రంధ్రాలు కలవవు, వెనక తలుపు దగ్గర మెట్టు వస్తుంది. సరిగ్గా చేయాలంటే దూలాలతో సహా మార్చాలి. మీ షాపతను కొటేషన్‌లో అది కలిపాడో లేదో అడగండి.

కొత్తబండి68
అడిగాను. "అది తర్వాత చూద్దాం" అన్నాడు.

గోంగూరకట్ట
మన ఊరి కాంట్రాక్టరే అయ్యుంటాడు.

రంపంరాణి
చెక్క ఖాయమైతే నా అనుభవం రాస్తాను, పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఏ చెక్క అని అందరూ ఓక్ ఓక్ అంటారు. ఓక్‌లో రెండు జాతులు, ఎర్ర ఓక్, తెల్ల ఓక్. కొట్లో పక్కపక్కనే ఉంటాయి. ఎర్ర ఓక్ ముక్క అడుగు పొడవున కోసి, ఒక చివర సబ్బు నీళ్ళలో ముంచి ఇంకో చివర నోరు పెట్టి ఊదండి, బుడగలొస్తాయి. దాని నిండా సన్నటి గొట్టాలే. పలక కొసన తడి తగిలితే అలాగే పీల్చుకుంటుంది. తెల్ల ఓక్‌లో ఆ గొట్టాలు మూసుకుని ఉంటాయి, అందుకే విస్కీ పీపాలు దాంతో చేస్తారు. కాకపోతే తెల్ల ఓక్ తడిసి ఇనుము తగిలితే సిరా పడ్డట్టు నల్ల మరకలొస్తాయి. దానికి స్టెయిన్‌లెస్ బోల్టులు వాడుకోవాలి. మీకు నల్ల రంగే పూసుకునేటట్టయితే ఇవేవీ అక్కర్లేదు, పైన్ చాలు.

అసలు తప్పు జరిగేది చెక్క ఎంచుకోవడంలో కాదు, బిగించడంలో. చెక్క పొడవున పెరగదు, వెడల్పున పెరుగుతుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. పలకలు ఒకదానికొకటి ఆనించి కొట్టారో, ఉబ్బినప్పుడు ఎటూ పోలేక మధ్యలో పైకి లేస్తుంది. అందుకే ఆ ఇనుప పట్టీలు. పలకల అంచులు సగం మందం చెక్కి ఉంటాయి, పట్టీ ఆ రెండంచుల మీదా కూర్చుని సందు కప్పేస్తుంది. పలక దాని కింద కొంచెం అటూ ఇటూ కదలగలదు. పట్టీకి చదరపు రంధ్రాలుంటాయి, బోల్టు మెడ కూడా చదరమే, అందుకే పైన స్పానర్ పెట్టకుండా కింద నట్టు తిప్పితే చాలు. బోల్టులు పలకల సందులోంచే దిగుతాయి. వేరే ఎక్కడైనా చెక్కలోంచి బోల్టు పోవాల్సొస్తే ఆ రంధ్రం బోల్టు కంటే కాస్త వదులుగా వేయండి.

రంధ్రాలన్నీ ముందే వేసి, తర్వాత రంగు. ఆరు ముఖాలకీ. అడుగు వైపు ఎవరు చూస్తారులే అనుకోకండి, నీళ్ళు చూస్తాయి. కొసలకి రెండు పూతలు ఎక్కువ.

గోదారిగట్టు
మా రాజమండ్రి టేకు పంపించమంటారా? మా తాత కట్టించిన ఇంటి గుమ్మాలు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

రంపంరాణి
టేకు బంగారమే అండీ, ట్రక్కు తొట్టిలో మల్చ్ కింద బంగారం వేసుకుంటామా? పైగా టేకులో సహజంగా నూనె ఉంటుంది, వార్నిష్ పట్టదు. అసిటోన్‌తో తుడిచి వెంటనే పూయాలి.

గోదారిగట్టు
అయితే గుమ్మాలకే ఉంచుకుంటాం.

లిన్‌సీడ్‌బాధితుడు
ఎవరూ చెప్పని ముక్క నేను చెప్తాను, పేరు చూశారుగా. వార్నిష్ ఎందుకు, లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పట్టిస్తే సరిపోతుందని ఎవరో అన్నారు. నిజమే, బాగుంటుంది, గీతపడ్డచోట మళ్ళీ రాసుకుంటే కలిసిపోతుంది. ఒక శనివారం రాశాను. తుడిచిన పాత బనియన్లు మూడు ఉండ చుట్టి గ్యారేజీలో అట్టపెట్టెలో పడేసి భోజనానికి వెళ్ళాను. గోంగూర పప్పు కలుపుకుంటుంటే ఏదో కాలిన వాసన. మా అత్తగారు పోపు మాడిందనుకుని స్టవ్ దగ్గరికెళ్ళారు. అది పోపు కాదు. తలుపు తీస్తే అట్టపెట్టెలోంచి పొగ, మధ్యలో ఎర్రగా నిప్పు. అగ్గిపుల్ల లేదు, కరెంటు లేదు. ఆ నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ చుడితే ఆ వేడి బయటికి పోదు.

గుడ్డలు విప్పి ఒక్కొక్కటీ బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి. మా అత్తగారు ఇప్పటికీ నేను గ్యారేజీలోకి వెళ్తే వాసన చూస్తూ ఉంటారు.

గోంగూరకట్ట
గోంగూర ప్రస్తావన వచ్చింది కాబట్టి ఈ పోస్టుకి నా ఓటు.

ఉప్పురోడ్డు
నిప్పు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ప్లాస్టిక్ లైనర్ వేసుకున్నవాళ్ళు పెట్రోలు డబ్బా తొట్టిలో పెట్టి బంకు దగ్గర నింపకండి. ప్లాస్టిక్ మీద స్టాటిక్ కరెంటు నేలకి దిగదు, రవ్వ లేస్తుంది. డబ్బా కింద నేల మీద పెట్టి నింపాలి. పైగా ఆ లైనర్ కింద కూడా నీళ్ళు నిలిచి రేకు తింటాయి. స్ప్రే చేసింది వేరే, అది రేకుకి అతుక్కుని ఉంటుంది.

క్రోమ్‌కుమార్
నన్ను బాల్కనీ మనిషి అన్నారు, సరే. కానీ వార్నిష్ గురించి నా మాట వినండి. ఇంట్లో టేబుల్‌కి పూసే మామూలు పాలియురెథేన్ ట్రక్కుకి పూయకండి. ఎండకి పొర గట్టిపడి, చెక్క కదిలినప్పుడు బీటలు వారి, తిరుణాల రంగుల బొమ్మలా పొలుసులు లేస్తుంది. పడవలకి వాడే స్పార్ వార్నిష్ కొనండి. అది సాగుతుంది, ఎండని కొంత ఆపుతుంది. అయినా బయట పెట్టే బండికి ఏడాదికో రెండేళ్ళకో పైపైన రుద్ది మళ్ళీ ఒక కోటు తప్పదు. నాది గ్యారేజీలోనే ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

వెల్డింగ్‌బాబు
చూశారా, ఏడాదికో కోటు. స్టీల్‌కి ఇవేవీ లేవు అని చెప్పి ఊరుకుంటాను.

ఉప్పురోడ్డు
ఊరుకోండి.

పాతబండ్లపంతులు
ఈ కొట్లాట మీ ఇద్దరితో మొదలైంది కాదు. 2015లో ఫోర్డ్ వాళ్ళు ఎఫ్-150 తొట్టిని అల్యూమినియంతో చేస్తే, 2016లో షెవర్లే వాళ్ళు లోడరు నిండా రాళ్ళు తెచ్చి రెండు బండ్ల తొట్ల మీదా గుమ్మరించి, అల్యూమినియం చిల్లు పడటం టీవీ యాడ్‌గా తీశారు. తాము యాభై ఏళ్ళ కింద చెక్క నేలతో అమ్మిన సంగతి ఆ యాడ్‌లో లేదు. 1978లో డాడ్జ్ వాళ్ళు లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్ అని ఎర్ర బండి తెచ్చారు, తొట్టి పక్కలకి ఓక్ పట్టీలు, క్యాబిన్ వెనక లారీలా నిలువు పొగ గొట్టాలు. ఆ బండిలో చెక్క పూర్తిగా సోకే.

కొత్తబండి68
రెండు వారాలైంది, అప్‌డేట్.

పలకలన్నీ విప్పాను. విప్పాను అంటే తేలిక. బోల్టులు ఒక్కటి కూడా తిరగలేదు, అన్నీ కింద నుంచి గ్రైండర్‌తో కోశాను. నా చొక్కాకీ చిల్లులు, ఉప్పురోడ్డు గారూ. దూలాల మీద పేరుకున్న మట్టిలో ఏమేం దొరికాయో చూడండి: రెండు పెన్నీలు, ఒక గుర్రపు నాడా మేకు, ఎండిన మొక్కజొన్న గింజలు గుప్పెడు, ఒక పిల్లల షూ లేసు. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ లేసు నాకు పంపగలవా అని అడిగాడు. కవరులో పెట్టి పంపాను.

క్యాబిన్ వైపు మొదటి దూలం తుప్పు పట్టి చేత్తోనే విరిగింది. మిగతావి గట్టిగా ఉన్నాయి. చెక్కా స్టీలా అని నెల రోజులు తలబద్దలు కొట్టుకున్నాను, అసలు పోయింది ఈ దూలం. షాపతను దాన్ని చూడకుండానే రేటు చెప్పాడు. కొత్త దూలం తెప్పించి, మిగతావి గీకి, రంగు వేసి బిగించాను.

పలకలు పసుపు పైన్. కలప డిపోలో నేనే ఏరుకున్నాను, వంకర లేనివి దొరకడానికి మొత్తం కట్ట కిందా మీదా వేశాను, అక్కడి కుర్రాడు నన్ను చూసి పారిపోయాడు. అంచులు చెక్కడానికి రౌటర్ పక్కింటాయనది. ఒక పలక పాడుచేశాను. నల్ల రంగు, ఆరు ముఖాలకీ, కొసలకి రెండు పూతలు ఎక్కువ. పట్టీలు, బోల్టులు మాత్రం కిట్ కొన్నాను. రబ్బరు మ్యాట్ చెత్తలో పడేశాను.

రంపంరాణి
సందులు ఎంత వదిలారు?

కొత్తబండి68
అంగుళంలో ఎనిమిదో వంతు, ఐస్‌క్రీం పుల్ల పెట్టి కొలిచాను. పుల్ల కొంచెం సన్నమే, నా చేయి కొంచెం వదులు.

రంపంరాణి
చాలు.

ఆటోనగర్‌పిల్లోడు
మొదటి లోడు ఏం తోలారు? మా షెడ్డులో కొత్త బాడీ దిగితే కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, మొదట నాలుగు బియ్యం బస్తాలు వేసేవాళ్ళం.

కొత్తబండి68
కొబ్బరికాయ మా ఆవిడ కొట్టించింది, తొట్టిలోనే కొట్టబోతే ఆపాను. మొదటి లోడు పన్నెండు మల్చ్ బస్తాలు, ఒక తులసి కుండీ. బస్తాలు జారలేదు. దించేటప్పుడు పార తీసుకెళ్ళి బోల్టు తలకి కొట్టాను. వెల్డింగ్‌బాబు గారు చెప్పిన ఝుమ్మని నిజమే.

వెల్డింగ్‌బాబు
హమ్మయ్య. ఈ ఒక్క మాట కోసం రెండు వారాలు ఎదురుచూశాను.

క్రోమ్‌కుమార్
గీత పడిందా?

కొత్తబండి68
మూడో పలక మీద, జానెడు. నల్ల రంగులోంచి పసుపు పైన్ కనిపిస్తోంది.

క్రోమ్‌కుమార్
ఫోటో పెట్టకండి, చూడలేను.

గోంగూరకట్ట
పెట్టండి.